మధ్యన మనిషి లేకుండా

తడ
29-10-1961

మామయ్య గారికి,

మీ ఎదుట ఒక్కనాడూ నోరు తెరవని కోడలు రాఘవమ్మ నమస్కారాలు.

పెళ్ళయి ఇన్నేళ్ళలో మీతో నేరుగా ఒక మాట అనలేదు. మీరూ నాతో అనలేదు. మీకు మంచినీళ్ళు కావాలన్నా మీ అబ్బాయికే చెప్పేవారు. నేను చెంబు గడప మీద పెట్టి లోపలికి పోయేదాన్ని. అటువంటిది ఇప్పుడు ఉత్తరం రాస్తే ఏమనుకుంటారోనని రెండు కవర్లు పాడు చేశాను. తప్పయితే మన్నించండి.

పోయిన నెల ఇన్స్పెక్టరు గారు వచ్చి నా తరగతి చూసి పోయారు. ఉద్యోగం ఖాయం చేసిన కాగితం నిన్న వచ్చింది. ఈ సంగతి ముందు మీకే చెప్పాలనిపించింది. పాపను మీరు పెట్టుకోకపోతే ఇది అయ్యేది కాదు. దాన్ని బళ్ళో నా టేబులు పక్కన కూర్చోపెట్టుకున్న రోజుల్లో హెడ్మాస్టరు గారు, "ఇది బడా, పురిటిల్లా అమ్మా?" అని పిల్లలందరి ముందూ అన్నారు. గది అద్దెకిచ్చినామె, "పగలు నేను చూడలేను తల్లీ, నా నడుమే నాకు బరువుగా ఉండాది" అంది. ఆయనేమో గూడూరు అభ్రకం షెడ్డులో పని, నలుగురు మగవాళ్ళతో ఒకే గది. పొద్దున పొయ్యి వెలిగించి, పాపకు తల దువ్వి, పలకలు సర్దుకుని పరిగెత్తడం నా వల్ల కాక మీ దగ్గర వదిలాను. వదిలి వచ్చిన రోజు దువ్వెన నా సంచిలోనే ఉండిపోయింది. ఇంకా ఉంది.

పాప ఎట్లా ఉంది? సెప్టెంబరులో కాస్త వెచ్చబడి మర్నాటికే తగ్గి ఆడుకుంటోందని ఆయన చెప్పారు. దసరా సెలవులకు వద్దామని బట్టలు సర్దుకున్నాను. మీరు వద్దన్నారని ఆయన అన్నారు. పాప ఇప్పుడిప్పుడే నన్ను మరిచి మాలిమి అవుతోంది, వచ్చి మళ్ళీ ఏడిపించి పోవద్దు అన్నారట. ఆ మాటలో న్యాయం ఉంది. సెలవులన్నీ గదిలోనే ఉన్నాను.

ఒక్క కార్డు ముక్క రాయండి. అత్తయ్య గారి పేరు కాబట్టి నేను దాన్ని పేరు పెట్టి పిలవను. కోప్పడేటప్పుడు కూడా పాపా అనే అంటాను. మీరు ఏమని పిలుస్తారో తెలుసుకోవాలని ఉంది.

మీ కోడలు
రాఘవమ్మ


కొత్తపాళెం
3-11-1961

కోడలికి,

కవరు అందింది. ఉద్యోగం ఖాయం అయినందుకు సంతోషం. నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. తప్పులుంటే నీ బళ్ళో పిల్లల తప్పులు దిద్దినట్టు దిద్దుకో.

పాప ఉంది. తింటోంది. చంక దించకుండా తిప్పుతున్నాను. పొలం కాడికయినా, నిమ్మతోటలోకయినా ఎత్తుకునే పోతాను. పొద్దున్నే బండి కట్టి సముద్రం ఒడ్డుకు తీసుకుపోతాను. ఎండ ముదిరే దాకా ఇసకలో కూర్చుని వస్తాము.

నారు పోసినాము. మళ్ళీ వాన లేదు. గేదె ఈనింది, పెయ్యదూడ. నిమ్మచెట్లు రెండు ఎండిపోయినాయి. మా అక్క ఆదిశేషమ్మకు చూపు బాగా తగ్గింది. అయినా పాపకు నూనె రాసేది ఆమే. నీ కవరు చదివి వినిపించమంటే వినిపించినాను. "ఇప్పటికి గుర్తొచ్చిందా టీచరమ్మకు" అన్నది. ఆమె నోరు అంతే. పట్టించుకోవద్దు.

నేను చెంచూ అని పిలుస్తాను. మీ అత్తను కూడా అట్లనే పిలిచేవాణ్ణి.

హజరత్తయ్య


తడ
5-11-1961

మామయ్య గారికి,

మీ దస్తూరి ఇంత గుండ్రంగా ఉంటుందని నాకు తెలియదు. మా తరగతి పిల్లలకు చూపించాను, మా మామగారు రాశారని. ఆదిశేషమ్మ దొడ్డమ్మ గారి మాటకు నొచ్చుకోలేదు. ఆమె అన్నది నిజమే కదా.

ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. దీపావళికి మీ దగ్గరికి వస్తున్నారు. నేనూ వస్తానన్నాను. మీ మాట గుర్తు చేశారు, ఆగిపోయాను.

ఒక సంగతి చెబుతాను, కోప్పడకండి. చంక దించడం లేదని రాశారు. మూడేళ్ళు నిండిన పిల్లను అంత గారాబం చేయకూడదు మామయ్యా. మాకు ట్రైనింగులో చెప్పారు. ఎత్తుకుని తిప్పితే బద్ధకం అలవాటవుతుంది, తరువాత మానిపించలేము. కింద దించండి. ఏడిస్తే ఏడవనివ్వండి. పడితే అదే లేస్తుంది. ఉద్యోగం ఖాయమైంది కాబట్టి వచ్చే జూన్‌లో పాపను తెచ్చుకుని ఒకటో తరగతిలో కూర్చోపెట్టాలని నా ఆశ. అప్పటికి హెడ్మాస్టరు గారు ఏమీ అనలేరు. గది నుంచి బడికి కాలవ గట్టు మీద నడవాలి. ఎత్తుకుని తీసుకుపోతే నవ్వుతారు.

అందుకే జోళ్ళు పంపుతున్నాను. ఎర్రవి, పట్టీ ఉన్నవి. మద్రాసు పోయేవాళ్ళ చేత తెప్పించాను. పాప పాదం కొలత నాకు తెలియదని కాగితం మీద గీయబోయినప్పుడు తెలిసింది. మా బడిలో నవోమి అనే పిల్లకు ఆ వయసు చెల్లెలు ఉంది. దాన్ని నిలబెట్టి గీసుకున్నాను. పండగనాడు తొడిగి నడిపించండి. ఇంట్లో అంతా తిరిగి అరగదీసినా ఫరవాలేదు.

చెంచూ అని మీరు పిలిస్తే అది పలుకుతుందా?

రాఘవమ్మ


కొత్తపాళెం
10-11-1961

కోడలికి,

జోళ్ళు అందినాయి. బాగున్నాయి.

ఏ కాలికి తొడగమంటావు?

ఎడమకాలు సరిగానే ఉంది. కుడికాలు జొరం వచ్చినప్పటి నుంచి వేలాడుతోంది. జోడు తొడిగితే జారి పడిపోతుంది. వేళ్ళకు పట్టు లేదు. ఇది నీకు తెలియనిది కాదు. గూడూరు డాక్టరు చెప్పిన మాట అబ్బాయి తడకు వచ్చి నీకు చెప్పినాడు. నువ్వు అన్న మాట మళ్ళీ నాకు వచ్చి చెప్పినాడు. ఇన్స్పెక్షను అయ్యే దాకా కదిలేది లేదని అన్నావంట. సరే అనుకున్నాను. ఉద్యోగం చేసే మనిషివి, మాకు తెలియని ఇబ్బందులు ఉంటాయి అనుకున్నాను. దసరాకు వస్తావని చూసినాము. రాలేదు. రాకపోగా నేను వద్దన్నానని రాసినావు. అనని మాట నా నెత్తిన పెడితే నేనేం చేసేది? ఆ రోజే అడుగుదామనుకుని, కోడలితో మామకు తగవు ఏమిటని గేదె సంగతి రాసి పంపినాను.

దాన్ని కింద దించమన్నావు. పడితే లేస్తుందన్నావు.

లేవదమ్మా.

పండగనాడు ఎడమకాలికి ఒక జోడు తొడుక్కుని, రెండోది ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊళ్ళో పిల్లలు మతాబాలు కాలుస్తుంటే అరుగు మీద నుంచి చూసింది. అబ్బాయి దాన్ని చూసి దొడ్లోకి పోయినాడు. అన్నానికి రమ్మన్నా రాలేదు.

ఇంతకంటే రాయలేను.

హజరత్తయ్య


తడ
14-11-1961

మామయ్యా,

ఏ డాక్టరు? కాలు వేలాడడం ఏమిటి? నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

మీ ఉత్తరం బడికే వచ్చింది. తరగతిలో నిలబడి చదివాను. పిల్లలు ఎక్కం చెబుతున్నారు. అయిపోయాక వాళ్ళే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

శనివారం వస్తున్నాను. సోమవారం ప్రార్థన గంటకు ఇక్కడ ఉండాలన్నారు. గూడూరులో ఆయన కలుస్తారు.

రాఘవమ్మ


తడ
21-11-1961

మామయ్య గారికి,

మీ ఇంటి నుంచి వచ్చాను. బడికి పోతున్నాను, వస్తున్నాను. ఇవాళ పరీక్ష పలకల మీద సున్నా వేయవలసిన చోట కూడా ఒప్పు వేశాను.

నేను వచ్చేసరికి పాప మీ భుజం మీద ఉంది. నన్ను చూసి మీ మెడలో మొహం దాచుకుంది. మీరు దాన్ని అరుగు మీద కూర్చోపెట్టి గొడ్ల పాకలోకి పోయారు. నాకు ఎదురు పడకూడదు కదా. అది మీ వెనక రావాలని చేతుల మీద ఒళ్ళు ఈడ్చుకుంటూ అరుగు చివరి దాకా పోయింది. నా వైపు రాలేదు. అప్పుడు చూశాను ఆ కాలిని. వెనక వస్తోంది, తనది కానట్టు.

ఉన్నంతసేపూ మీరు గోడకు అవతల, నేను గోడకు ఇవతల. ఆదివారం పొద్దున తలుపు చాటు నుంచి ఆయనను అడిగాను. మీకు వినబడాలనే గట్టిగా అడిగాను, "నాకెందుకు కబురు చేయలేదు?" అని. మీరు బయట తాడు పేనుతున్నారు. చేతులు ఆగిపోవడం సందులోంచి చూశాను. ఇప్పుడైనా ఏదైనా అంటారనుకున్నాను. ఆయన బయటికి వచ్చి మీ దగ్గర వంగి ఏదో అన్నారు. మీరు మళ్ళీ తాడు పేనడం మొదలుపెట్టారు. ఆయన లోపలికి వచ్చి, "నాయనే వద్దన్నాడు. ఉద్యోగం పోతుంది, ఖాయమయ్యే దాకా చెప్పబాకు అన్నాడు" అన్నారు.

నాకు మేలు చేశామనుకున్నారా? ఉద్యోగం నాది. పాప నాది. దేన్ని నిలబెట్టుకోవాలో దేన్ని వదులుకోవాలో నన్నొక్క మాట అడగకూడదా? నాకు రాసిన ఉత్తరంలో నాకే తెలుసని ఎందుకు రాశారు? తప్పు నా మీదికి తోసెయ్యడానికేనా? మీ గుండ్రటి దస్తూరిని నేను పిల్లలకు చూపించాను.

తిరిగి వచ్చేటప్పుడు గూడూరులో దిగి ఆ డాక్టరు గారి ఇంటికి పోయాను. దానికి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి, నువ్వు మొదటి రోజే వచ్చినా ఆ కాలు నిలిచేది కాదమ్మా అన్నారు. అది విని నాకు ఊరట కలుగుతుందనుకున్నారు పాపం. కాలు పోయేదే అనుకోండి. జ్వరంలో అది ఎవరిని పిలిచింది? ఎవరు పలికారు? ఆ రోజుల్లో నేను ఇన్స్పెక్టరు గారి కోసం గోడకు అట్ట బొమ్మలు అతికిస్తున్నాను. ఆవు, ఇల్లు, ఉడత. పిండి జిగురు వేళ్ళకంటితే పాటలు కూడా పాడుకున్నాను.

ఇక పాపను అక్కడ ఉంచను. ఇక్కడికి తెచ్చి ఎట్లా చూసుకుంటానో తెలియదు. అయినా ఉంచను.

రాఘవమ్మ


కొత్తపాళెం
27-11-1961

అమ్మా,

నువ్వు అడిగినవి రెండు. రెండింటికీ జవాబు రాస్తాను. నెమ్మదిగా చదువుకో, నాకు ఇంత రాయడం తెలియదు.

ఆదివారం నేను తాడు పేనుతుంటే అబ్బాయి రమణయ్య వచ్చి నా దగ్గర వంగి అన్న మాట ఇది. "ఇన్నాళ్ళూ రాలేదు గదా, ఇప్పుడు సిగ్గుపడి నీ మీద అరస్తా ఉండాది. నువ్వు నోరెత్తబాకు నాయనా." నేను నోరెత్తలేదు.

నీ ఉత్తరం వచ్చినాక వాణ్ణి రమ్మని కబురు పెట్టినాను. నిన్న వచ్చినాడు. ఇంట్లో అక్క ఉంటుందని సముద్రం కాడికి తీసుకుపోయినాను. అక్కడ రోజూ నేను చేసే పని ఒకటుంది. వెచ్చటి ఇసకలో గుంట తీసి పాప కుడికాలు మోకాటి దాకా పూడ్చి కూర్చోపెడతాను. నరాలకు వేడి పట్టి సత్తువ వస్తుందని మా తాతల నాటి నుంచి చేస్తారు. చెంచుకు అది నారు నాటడం లాగ ఉంటుంది. "తాతా, నా కాలు మొలకేసిందా?" అని అడుగుతుంది. రేపు చూద్దాంలే అంటాను.

నిన్న అట్లా పూడ్చి కూర్చోపెట్టి వాణ్ణి అడిగినాను. నీ కవరు వాడి చేతికి ఇచ్చినాను.

"ఇందులో ఉండే మాటలు నేనెప్పుడన్నానురా?"

చదవలేదు. మడిచి పట్టుకున్నాడు.

"నువ్వు అనలేదు."

"అది రానన్నదా?"

"అడగందే."

"మరి?"

"నాలుగు రోజుల జొరం అనుకున్నా నాయనా. ఇన్స్పెక్టరు వచ్చే వారం అది. చెప్తే పరిగెత్తుకోని వచ్చేస్తాది. వస్తే ఉద్యోగం పాయె. మళ్ళా ఆ అబ్రకం దుమ్ములో ముగ్గురం పడాల. తగ్గినాక చెబుదాంలే అనుకున్నా."

"తగ్గలేదని తెలిసినాక?"

"తెలిసినాక ఎట్ట చెప్పేది?"

నేను కొట్టలేదు. వాడి చిన్నప్పుడు కూడా కొట్టలేదు. వాడు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకు నచ్చే మాట చెప్పేవాడు. మీ అత్త అది మంచితనం అనేది. నేనూ అనుకున్నాను.

చెంచు ఇసకలో నుంచి మా ఇద్దరినీ చూస్తూ, "నాయనా, నువ్వు గూడా కాలు నాటుకో" అన్నది. వాడు అక్కడ నుంచి లేచి నడిచి పోయినాడు. చిల్లకూరు దాకా నడిచే పోయినాడంట. బస్సు ఎక్కలేదని బండివాళ్ళు చెప్పినారు.

ఇది మొదటి దానికి జవాబు. కానీ కబురు నేను చేయవలసింది. కార్డు ఇంట్లో ఉంది, అక్షరాలు వచ్చు. కోడలికి మామ రాయడమేమిటి, వాడు చెబుతాడు గదా అనుకున్నాను. వాడు లేనప్పుడు కూడా మన మధ్యన వాడే ఉన్నాడు.

రెండోది. జొరంలో ఎవరిని పిలిచిందని అడిగినావు.

నీ బడి పిల్లలను పిలిచింది. నీ పక్కన కూర్చుని నేర్చుకున్నట్టుంది. కళ్ళు మూసుకుని, నీ మాదిరి గొంతు పెట్టి హాజరు తీసింది. గంగులయ్య, పద్మనాభయ్య, నవోమి అని పిలిచింది. ఎవరూ పలకకపోతే మళ్ళీ అదే పేరు పిలిచి, ఇంకా అల్లాడిపోయేది. అందుకని నేను మంచం పక్కన నిలబడి, "ఉన్నాను టీచర్" అన్నాను. అంటే ఇంకో పేరుకు పోయింది. అక్క మూలన కూర్చుని, "ముసిలోడివి బళ్ళో చేరినావా అబ్బయ్యా" అన్నది. తరువాత ఆడపిల్లల పేర్లకు ఆమే పలికింది. మగపిల్లలకు నేను. జొరం ఉన్నన్నాళ్ళూ అట్లా పలికినాము. పేర్లన్నీ నాకు వచ్చేసినాయి.

పేర్లు అయిపోయినాక ప్రతిసారీ అమ్మా అని పిలిచేది.

దానికి మేము పలకలేదు.

హజరత్తయ్య


తడ
3-12-1961

మామయ్యా,

మీ ఉత్తరంలో ఆఖరి మాట రాయకుండా ఉండవలసింది. రాసినందుకు మీకు దండం పెడుతున్నాను.

నేను మీకు రాసిన మాటలు వెనక్కి తీసుకోలేను. మీరు చింపేస్తే చాలు.

నిన్న ఆయన వచ్చారు. తలుపు తీయలేదు. అరుగు మీద కూర్చున్నారు. చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారు. గదామె వచ్చి, "ఏందమ్మా, మొగుణ్ణి బయట కూచోబెట్టి నువ్వు లోపల పలకలు దిద్దుకుంటా ఉండావా, ఇదేం చోద్యం" అంది. నేను నిజంగానే దిద్దుతున్నాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

తలుపు అవతల నుంచే అన్నారు, "నీ మేలు కోరే చేసినా."

"నన్ను అడిగి చేశారా?" అన్నాను.

"అడిగితే వచ్చేస్తావు గదా."

అంతే మామయ్యా. అంత సులువుగా అన్నారు. ఆయనకు ఇప్పటికీ అందులో తప్పు కనబడలేదు. దుఃఖం మాత్రం ఉంది. అది విని నాకు జాలి కలగకపోవడం చూసి నాకే భయం వేసింది. షెడ్డు దుమ్ముకు రోజూ దగ్గే మనిషి. నేను ఉద్యోగంలో నిలబడితే ఇద్దరం ఒక ఇల్లు తీసుకోవచ్చని ఎప్పుడూ అదే కల చెప్పేవారు. ఆ కలలో పాపకు ఒక ఊయల కూడా ఉండేది. పాప ఊయల దాటి పెరిగినా అట్లాగే చెప్పేవారు.

రాజీనామా రాసి బడిలో సొరుగులో పెట్టాను. ఇవ్వలేదు. ఇస్తే ఆయన గదికి పోవాలి, ఆ నలుగురి మధ్యకు. ఆ మనిషితో ఒక కప్పు కింద ఎట్లా ఉండాలో తెలియదు. ఇవ్వకపోతే పాపను తెచ్చుకోలేను. నడిచే పిల్లనే చూడనన్న ఆమె ఇప్పుడు చూస్తుందా? పగలంతా గదిలో పెట్టి గొళ్ళెం వేసుకుని పోనా? మద్రాసు పెద్దాసుపత్రిలో ఇనప కడ్డీలు బిగించిన జోడు చేసి ఇస్తారట, దాంతో కొందరు నిలబడతారట. దానికి పదేపదే తీసుకుపోవాలి. ప్రతిసారీ సెలవు ఎవరిస్తారు?

బుధవారం దాకా ఆలోచిస్తాను. ఆపైన సొరుగు తెరుస్తాను.

ఒక్క సాయం చేయండి. మీ అబ్బాయికి చెప్పండి, కొన్నాళ్ళు ఇటు రావద్దని. నేను చెబితే వినరు. మీరు చెబితే వింటారు.

రాఘవమ్మ


కొత్తపాళెం
6-12-1961

రాఘవమ్మకు,

ఈ పేరు నేను మొదటిసారి రాస్తున్నాను. నీ కవరు నిన్న వచ్చింది. నువ్వు పెట్టిన బుధవారం ఈ రోజే. ఈ ఉత్తరం నీకు అందేలోగా సొరుగు తెరిచేస్తావని రైలుకు పోయే జయరామయ్య చేతికి ఇచ్చి పంపుతున్నాను. మా పక్క పొలం ఆయన. బడికే వచ్చి ఇస్తాడు.

రాజీనామా ఇవ్వవద్దు.

నేను చెంచును తీసుకుని వస్తున్నాను. చూసి పోవడానికి కాదు. పొలం జయరామయ్యకు అప్పజెప్పినాను. నాట్లు ఆయన వేసుకుంటాడు. గేదెను, దూడను కూడా తోలుకుపోయినాడు. దూడ పోనని కాళ్ళు తన్ని నిలబడితే చెంచు ఏడ్చింది. అక్క చిల్లకూరులో కూతురి ఇంటికి పోతుంది. పోవడానికి ఇష్టం లేదు. "కోడలి సంపాదన తింటా, కోడలి అరుగు మీద పడుంటాడంట, ఊరంతా వినిందా?" అని వీధిలో నిలబడి అన్నది. విన్నారులే అక్కా అన్నాను. మూట కట్టుకుంటూ ఏడ్చింది. చీకటి కళ్ళతో కూతురి ఇంట్లో ఎట్లా ఉంటుందో. అది కూడా నేను చేసిన పనే.

పగలు పాపను నేను చూస్తాను. అన్నం వండడం వచ్చు. తల దువ్వడం రాదు, చిక్కు పడి ఉంది, ఆ దువ్వెన నీ దగ్గరే ఉందన్నావు. నువ్వు బడికి పో. ఆసుపత్రికి నేను తీసుకుపోతాను. డాక్టరు చెప్పింది వచ్చి నీకు చెబుతాను. చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

ఆ కడ్డీల జోడుతో నిలబడుతుందో లేదో తెలియదు. ఆశ పెట్టుకోవద్దని కాదు. నాకు తెలియదని రాస్తున్నాను.

రమణయ్యకు చెప్పమన్నావు. చెప్పను. వాణ్ణి రానిమ్మని నీకూ చెప్పను, నిన్ను ఊరుకోమనీ చెప్పను. వాడు నా కొడుకు. షెడ్డుకు పోవడం లేదని విన్నాను, తిన్నాడో లేదో అని నాకు ఉంటుంది. అయినా మీ ఇద్దరి మాటలు నేను మోయను. వాడితో అనవలసింది తలుపు తీసి నువ్వే అను. వాడు ఏమంటాడో నువ్వే విను.

నిన్న సముద్రం కాడ చెంచు మళ్ళీ అడిగింది, కాలు మొలకేసిందా అని. రేపు చూద్దామని నోటి దాకా వచ్చింది. "లేదు తల్లీ. మొలవదు" అన్నాను. కాసేపు నా మొహం చూసింది. "అయితే తీసెయ్ తాతా, చలేస్తా ఉండాది" అన్నది. ఇసక తీసి తుడిచి బండిలో కూర్చోపెట్టినాను. ఇక ఆ గుంట తీయను.

ఆదివారం పొద్దున పాసింజరుకు వస్తాము. జోళ్ళు తెస్తున్నాను, రెండూ. ఒకటి కాలికి ఉంటుంది, ఒకటి చేతిలో ఉంటుంది. పాప నీ దగ్గరికి ఒక్కసారిగా రాదు. బలవంతం చేయవద్దు.

స్టేషనులో నువ్వు ఎక్కడో స్తంభం చాటున తల దించుకుని నిలబడవద్దు. నేను దిగి, పేరు పెట్టి నిన్ను పిలుస్తాను. తెలిసిన వాళ్ళు ఉన్నా, ఎవరు నవ్వినా పిలుస్తాను. నాకు గొంతు పెద్దది కాదు, రైలు కూత ఉంటుంది. వినబడకపోతే మళ్ళీ పిలుస్తాను.

నువ్వు గట్టిగా పలుకు. చెంచు వినాలి.

హజరత్తయ్య